రేపొచ్చి కడుగుతానన్న పొయ్యి

గ్యాసు పొయ్యి బిగించిన ఇంటికి మర్నాడు పొద్దున మళ్లీ ఒకసారి వెళ్లి రావడం ఏలియాకు అలవాటు. వెళ్లమని ఏజెన్సీ వాళ్లు చెప్పలేదు. వెళ్లినందుకు ఎవరూ మెచ్చుకున్నదీ లేదు. హన్మకొండ నుంచి ఇటు స్టేషన్ దాకా, అటు ఖిలా వరంగల్ దాకా సైకిలు తొక్కుకుంటూ పోయి, ముందురోజు పెట్టిన పొయ్యి విప్పి, బర్నరు కడిగి, మళ్లీ బిగించి వచ్చేవాడు. పన్నెండేళ్ల ఉద్యోగంలో కొన్ని వందల ఇళ్లకు అట్లా రెండోసారి వెళ్లాడు. ఒక్క ఇంటికి వెళ్లలేదు. ఆ ఒక్కటే అతన్ని పట్టుకుని పీడించింది. వెళ్లిన వందల ఇళ్లను చూసి మనిషిని మంచివాడనాలా, వెళ్లని ఆ ఒక్క ఇంటిని చూసి చెడ్డవాడనాలా? బయట నిలబడి తీర్పు చెప్పడం సులువే, చెప్పేవాళ్ల సొమ్మేం పోయింది.

ఏలియాది రఘునాథపల్లి. తండ్రి దానియేలు ఆదివారం చర్చిలో గంట కొట్టేవాడు, మిగిలిన ఆరు రోజులు కూలికి పోయేవాడు. ఏలియా చదువు ఏడో తరగతి దగ్గర ఆగింది. పదహారేళ్లప్పుడు వరంగల్ చౌరస్తాలో మొగిలయ్య అనే ఆయన స్టవ్వుల దుకాణంలో చేరాడు. పంపు కొట్టి మండించే కిరసనాయిలు స్టవ్వులు అవి. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా అదే కంపు, అదే మసి. కానీ కుర్రాడికి పని మీద శ్రద్ధ ఉండేది. మంట చప్పుడు విని ఎక్కడ చెత్త అడ్డం పడిందో చెప్పేసేవాడు. మొగిలయ్య ఎవరినీ మెచ్చుకునే రకం కాదు గానీ, మొండి స్టవ్వు ఏదొచ్చినా "ఏలియా ముంగట పెట్టున్రి" అనేవాడు.

డెబ్బై ఏడులో కిషన్ రావు అనే ఆసామి హన్మకొండలో గ్యాసు ఏజెన్సీ తెరిచి, మెకానిక్కు కోసం వెతుక్కుంటూ మొగిలయ్య దుకాణానికి వచ్చాడు. ఏలియాను హైదరాబాదు పంపి వారం రోజులు పని నేర్పించి, రెండు ఖాకీ చొక్కాలు కుట్టించాడు. దేశాయిపేటలో అద్దెకు ఒక గది, దవాఖానలో ఆయాగా పనిచేసే లిదియాతో పెళ్లి, ఆ మరుసటేడు ఒక ఆడపిల్ల. నెల తిరిగేసరికి జీతం చేతిలో పడే బతుకు వాళ్ల వంశంలో ఎవరూ ఎరగరు. దానియేలు ఊళ్లో కనబడ్డవాళ్లకల్లా మావాడు గ్యాసు ఆఫీసులో ఉన్నాడని చెప్పుకుని మురిసిపోయేవాడు.

ఆ రోజుల్లో గ్యాసు కనెక్షన్ అంటే మాటలా? పేరు రాయించుకుని ఏళ్లూ పూళ్లూ ఎదురుచూడాలి. తీరా వచ్చిన రోజు ఆ ఇంట్లో చిన్నపాటి పెళ్లి సందడి. వాడకట్టు ఆడవాళ్లంతా వంటింటి గుమ్మంలో గుమిగూడేవాళ్లు. అందరికీ చూడాలని ఉబలాటం, దగ్గరికి రావాలంటే భయం. అది పేలుతుందట కదా అని చెవులు కొరుక్కునేవాళ్లు. ఏలియా నవ్వకుండా, విసుక్కోకుండా, బడిపంతులు పాఠం చెప్పినట్టు చెప్పేవాడు.

"అమ్మా, ముందుగాల అగ్గిపుల్ల గీయాలె, గా తర్వాతనే నాబ్ తిప్పాలె. నాబ్ తిప్పి అగ్గిపెట్టె కోసం దేవులాడుడు పెట్టుకుంటే కొంప మునుగుతది. పండుకునే ముందర సిలిండర్ మీది రెగ్యులేటర్ బంద్ జెయ్యాలె. వాసనొస్తే లైటు స్విచ్చి ముట్టొద్దు, దీపం ముట్టియ్యొద్దు, కిటికీలు తలుపులు బార్లా తెరిచి బయటికి పోవాలె. గీ రబ్బరు పైపుకు సబ్బు నురుగు పెట్టి చూడాలె. బుడగలొస్తే లీకున్నట్టు. అగ్గిపుల్ల పెట్టి మాత్రం చూడకున్రి, దండం పెడత."

ఇంతవరకు బాగానే ఉండేది. చిక్కంతా ఆ తర్వాత పాల దగ్గర వచ్చేది. కొత్త ఇంట్లో, కొత్త పొయ్యి మీద మొదట పాలు పొంగించాలి. గిన్నె అంచు దాటి, పొయ్యి మీదకు జారి, నాలుగు వైపులా కారాలి. ఎంత పొంగితే ఇంటికి అంత మంచిది. మట్టి పొయ్యి మీద పొంగితే ఏమవుతుంది, కట్టెలు చుయ్యిమంటాయి, బూడిద తడుస్తుంది, అంతే. గ్యాసు పొయ్యి మీద పొంగితే మంట ఆరిపోతుంది, గ్యాసు మాత్రం వస్తూనే ఉంటుంది. పైగా పాలు బర్నరు కన్నాల్లోకి దిగి, ఎండి, అట్టకట్టి, సగం కన్నాలు మూసేస్తాయి. అప్పుడు పెద్ద మంట బాగానే కనిపిస్తుంది, చిన్నమంట మీద పెట్టేసరికి ఎవరూ చూడకుండా ఆరిపోతుంది.

మొదట్లో ఏలియా ఒక ఇంట్లో ఈ మాట పైకి అన్నాడు. పాలు పొంగనీయకండమ్మా, అంచు దాకా రాగానే దించండి అన్నాడు. ఆ ఇంటి పెద్దాయన లేచి నిలబడ్డాడు.

"మీ ఇంట్ల మీరు పొంగించుకోకున్రి, మిమ్ముల ఎవలద్దన్నరు? మా ఆచారం గురించి నువ్వు చెప్పేటంత మొనగానివైనవా?"

ఏలియాకు తల తీసేసినట్టయింది. అంతటితో ఆగలేదు, ఫిర్యాదు కిషన్ రావు దాకా పోయింది. "పొయ్యి పెట్టుడు వరకే నీ పని. వాళ్ల దేవుళ్ల జోలికి పోకు" అని ఆయన కూడా గడ్డి పెట్టాడు. ఆనాటి నుంచి ఏలియా నోరు కుట్టేసుకున్నాడు. పాలు పొంగేదాకా పక్కనే నిలబడి, మంట ఆరగానే చటుక్కున నాబ్ కట్టేసేవాడు. బర్నరు కడుగుదామంటే అదీ ఒప్పుకోరు, పాలు పొంగిన పొయ్యిని ఆ పూట కడిగితే లక్ష్మి పోతుందంటారు. సరే, రేపొచ్చి కడుగుతాను, అప్పటిదాకా బర్నర్లు విప్పకండి అని చెప్పి, చెప్పినట్టే మర్నాడు వెళ్లేవాడు. అలవాటు అట్లా పడింది.

ఎనభై ఒకటి శ్రావణంలో ఒక శుక్రవారం శివనగర్‌లో వెంకట్రాజం ఇంటికి వెళ్లాడు. వెంకట్రాజం ఒక లారీ ఆఫీసులో గుమాస్తా. ఇంట్లో అతని తల్లి భద్రమ్మ, భార్య సారలమ్మ, అంతే. సారలమ్మ తొర్రూరు పిల్ల, కాపురానికొచ్చి ఏడాదిన్నర. భద్రమ్మ చెడ్డదేం కాదు, కానీ పెత్తనం ఆమెది, గొంతూ ఆమెదే. నశ్యం పీల్చీ పీల్చీ ఆమె ముక్కుకు వాసనన్నది తెలియకుండా పోయింది. ఏలియా పాఠం చెబుతున్నంతసేపూ ఆమె పూజ సామాను సర్దుకుంటూనే ఉంది. విన్నది సారలమ్మ ఒక్కతే. నాబ్ ఎటు తిప్పాలో రెండు మూడు సార్లు తిప్పి చూసి మరీ నేర్చుకుంది.

పాలు పొంగాయి. మామూలుగా కాదు, చెంబెడు పాలు రెండు బర్నర్ల మీదుగా గచ్చు దాకా కారాయి. భద్రమ్మ సంతోషంతో దండం పెట్టుకుంది. ఏలియా నాబ్ కట్టేసి, "అమ్మా, జర బర్నర్ తీసి కడుగుతనే" అని అడిగి చూశాడు.

"ఇయ్యాల శుక్రవారం పిలగా, కడుగుడు లేదు" అంది భద్రమ్మ.

"సరే, రేపొచ్చి కడుగుత. మీరు విప్పకున్రి, వంకర బిగిస్తే ఖరాబైతది."

పరమాన్నం వండాక అందరికీ పెట్టింది. వాడకట్టు వాళ్లకు స్టీలు గిన్నెల్లో, ఇంట్లో చాప మీద. ఏలియాకు మోదుగాకులో వేసి, గడప బయట అరుగు మీద పెట్టింది. నీళ్లు పైనుంచి దోసిట్లో పోసింది. ఇది ఏలియాకు కొత్త కాదు. రఘునాథపల్లిలో పుట్టినవాడికి ఇది కొత్తెట్లా అవుతుంది? కానీ రెండు గంటలు ఆమె వంటింట్లో, ఆమె పొయ్యి ముందు కూర్చుని పనిచేసిన మనిషి అతను. పని అయ్యేదాకా లోపల, పని కాగానే బయట.  సగం అట్లాగే వదిలేసి లేచాడు.

సైకిలు తీస్తుంటే సారలమ్మ వెనకే వాకిట్లోకి వచ్చింది. ఆకు చూసి తల దించుకుంది.

"అన్నా, రేపు తప్పకుంట వస్తవు కద? నాకు దీనితోని బుగులైతాంది."

"వస్త చెల్లె. ఫికర్ చెయ్యకు" అన్నాడు.

మర్నాడు వెళ్లలేదు. చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, ఉన్న సంగతి అదే. పని ఒత్తిడి కాదు, ఒంట్లో బాగాలేకా కాదు. ఆ అరుగు గుర్తుకొచ్చి కాలు కదల్లేదు. ఆదివారం చర్చి. సోమవారం స్టేషన్ దగ్గర పని పడి శివనగర్ మూల మీదుగానే సైకిలు పోనిచ్చాడు. పోదామా అనుకున్నాడు. మళ్లీ ఆ గడప బయట నిలబడి పిలవాలా, కావాలంటే వాళ్లే ఆఫీసుకు కబురు పెడతారులే అనుకుని ముందుకు తొక్కాడు. మనసులో కొంచెం కసి కూడా ఉంది, లేదని అతనే ఎన్నడూ అనలేదు.

మంగళవారం పొద్దున సారలమ్మ పొయ్యి ముట్టించి పప్పు పెట్టింది. నల్లా వచ్చింది, బిందెలు పట్టుకోవాలి. మంట తగ్గించి, మండుతోందని చూసుకున్నాకే వీధి నల్లా దగ్గరకు వెళ్లింది. మూడో బిందె నిండేసరికి ఇంట్లో నుంచి పెద్ద చప్పుడు వచ్చింది. జరిగింది ఏమిటంటే, చిన్నమంట ఆరిపోయింది, కిటికీ మూసి ఉంది, గ్యాసు గచ్చు మీద పరుచుకుంది. భద్రమ్మ వంటింట్లోకి వచ్చి చూస్తే పప్పు కింద మంట లేదు. కట్టెల పొయ్యి అలవాటున్న మనిషి, మంట లేకపోతే ముట్టించాలి కదా, అగ్గిపుల్ల గీసింది. వాసన ఆమెకు తెలియలేదు. నిలువునా కాలింది.

ఆమెను పెద్ద దవాఖానకు తీసుకుపోయారు. మర్నాడు కిషన్ రావు ఏలియాను పిలిచి, పోయి పొయ్యి చూసి రమ్మన్నాడు. శివనగర్‌లో వెంకట్రాజం ఇల్లు అన్నాడు. దారి పొడుగునా దేవుడికి మొక్కుతూనే ఉన్నాడు. పైపు ఊడిపోయి ఉండాలని, సిలిండర్ లీకై ఉండాలని, ఇంకేదైనా సరే, పాలు మాత్రం కాకూడదని.

ఇంటినిండా చుట్టాలు. వంటింటి గోడలు నల్లబడ్డాయి, కిటికీ రెక్క ఊడి వేలాడుతోంది. వెంకట్రాజం గోడకానుకుని నిలబడ్డాడు. కళ్లు వాచిపోయి ఉన్నాయి. సారలమ్మ వంటింటి మూలన ముడుచుకుని కూర్చుంది. ఆమెతో ఎవరూ మాట్లాడటం లేదు. కోడలు నాబ్ తెరిచి, ముట్టించడం మరిచి, నల్లా దగ్గర ముచ్చట్లకు పోయిందని తేల్చేశారు. ముట్టించాను, మంట చూసే పోయాను అని ఆమె ఏడుస్తూ చెప్పిన మాట ఎవరి చెవికీ ఎక్కలేదు.

ఏలియా పైపు చూశాడు, బాగానే ఉంది. ఎవరో కట్టేసిన రెగ్యులేటర్ చూశాడు, అదీ బాగానే ఉంది. నాబ్ చిన్నమంట మీదే ఉంది. బర్నరు విప్పాడు. సగానికి పైగా కన్నాలు పాల మడ్డితో మూసుకుపోయి, మాడి నల్లగా ఉన్నాయి. అనుమానం లేదు, ఇదే. చేతిలోకి పిన్నీసు ఎప్పుడు వచ్చిందో అతనికే తెలియదు. పదిహేనేళ్ల చేతి అలవాటు, మూసుకున్న కన్నం కనబడితే చాలు పొడిచేస్తుంది. నాలుగైదు కన్నాలు పొడిచాక ఏం చేస్తున్నాడో తెలిసొచ్చింది. తెలిసొచ్చాకైనా ఆపాడా? ఆపలేదు. మిగిలినవి కూడా పొడిచాడు. గచ్చు మీద రాలిన నల్లటి పెచ్చులను గుడ్డతో తుడిచి గుడ్డను సంచిలో పెట్టుకున్నాడు. తలెత్తితే సారలమ్మ అతని చేతుల వంకే చూస్తోంది.

"మెకానిక్, నువ్వే చెప్పు. నాబ్ తెరిచున్నదా లేదా?" అన్నాడు వెంకట్రాజం.

అందరూ ఏలియా వైపు తిరిగారు.  నిజం చెబితే ఉద్యోగం పోతుంది, అది ఖాయం. రేపొస్తానని రాకపోతివి, నువ్వే మా అమ్మను కాల్చావని ఇక్కడే పట్టుకుని కొడతారు. ఎవరైనా వద్దంటారా, తనెవరో, ఎక్కడివాడో అందరికీ తెలుసు. పోలీసు స్టేషన్. లిదియాకు ఎనిమిదో నెల.

"ఉన్నది సార్" అన్నాడు.

అబద్ధం కాదది. చిన్నమంట మీద పెట్టిన నాబ్ తెరిచే ఉంటుంది మరి. ఇంకొక్క వాక్యం అంటే చాలు, సారలమ్మ బతుకు నిలబడేది. ఆ వాక్యం అతను అనలేదు. ఎవరో ముసలావిడ "ఇంకేం కావాలె, మెకానిక్కే చెప్పె" అని లేచింది.  నువ్వు రేపొస్తానన్నావు కదా అని సారలమ్మ అనలేదు. ఏలియా సంచి సర్దుకుని వచ్చేశాడు. ఆఫీసు కాగితం మీద, పొయ్యిలో లోపమేమీ లేదని కిషన్ రావు చెప్పినట్టే రాసి సంతకం పెట్టాడు.

తొమ్మిదో నాడు భద్రమ్మ పోయింది. పెద్దకర్మ అయ్యాక సారలమ్మను తొర్రూరులో తల్లి దగ్గర దింపి వచ్చారు. మళ్లీ పిలవలేదు. ఏడాది తిరిగాక వెంకట్రాజం వేరే పెళ్లి చేసుకున్నాడని ఏలియాకు సిలిండర్లు మోసే రాయమల్లు చెప్పాడు.

బయటికి చూస్తే ఏలియా బతుకులో ఏమీ మారలేదు. లిదియాకు రెండో కాన్పులో కొడుకు పుట్టాడు, జీతం పెరిగింది. ఇళ్లకు వెళ్లడం మాత్రం ఎక్కువైంది. మర్నాడు వెళ్లేవాడు, వారానికి వెళ్లేవాడు, నెలకు వెళ్లేవాడు. పిలవకపోయినా వెళ్లి, బర్నర్లు వేణ్ణీళ్లలో నానబెట్టి, బ్రష్షుతో రుద్ది, తడి ఆరేదాకా ఎండలో పెట్టి, నీలి మంట వచ్చేదాకా కదిలేవాడు కాదు. పాలు పొంగించేటప్పుడు ఇప్పుడు ఎవరేమన్నా చెప్పేస్తున్నాడు. తిట్లు తిన్నాడు, ఒకసారి చెంపదెబ్బ కూడా తిన్నాడు. శివనగర్ ఇంటికి సైతం వెళ్లి, కొత్త కోడలికి పొయ్యి విప్పడం, కడగడం, బిగించడం అన్నీ దగ్గరుండి నేర్పించాడు. వెంకట్రాజం అతన్ని మర్యాదగా కుర్చీలో కూర్చోబెట్టి టీ ఇప్పించాడు. ఆ టీ తాగడం ఏలియాకు ఆకులో పరమాన్నం తిన్నదానికన్నా కష్టమైంది.

చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల దగ్గరకు పోవడం మానేశాడు. అందరూ లేచి వరుసగా ముందుకు పోతుంటే చెప్పులు వెతుక్కునే నెపంతో బయటికి నడిచేవాడు. లిదియా చాలాకాలం చూసీ చూడనట్టు ఊరుకుంది. నాలుగేళ్లు గడిచాక ఒక ఆదివారం చర్చి నుంచి ఇంటికి వచ్చే దారిలో నిలదీసింది. ఏలియా రోడ్డు పక్కన సైకిలు ఆపి, జరిగిందంతా చెప్పేశాడు. చెప్పి ఏడ్చాడు. లిదియా చంకలో పిల్లాణ్ణి సర్దుకుని అంతా విన్నది.

"ఆ పిల్లకు చెప్పినవా?" అంది.

"లేదు."

"నాకు చెప్తే ఏమొస్తది? పోయి ఆమెకు చెప్పు. వాళ్లోళ్లకు చెప్పు."

ఆ శ్రావణంలోనే తొర్రూరు బస్సెక్కాడు. దిగాడు. బస్టాండులో టీ తాగాడు. సారలమ్మ తల్లి సమ్మమ్మ ఇల్లెక్కడని హోటలాయనను అడిగితే, మార్కెట్ వెనక అని ఆయన చెయ్యి చూపించాడు. ఏలియా లేచి నాలుగు అడుగులు వేశాడు. అంతే, ధైర్యం చాల్లేదు. వచ్చిన బస్సులోనే తిరిగి వచ్చి, ఆమె ఇంట్లో లేదని లిదియాతో చెప్పాడు. 

మళ్లీ వెళ్లేసరికి ఎనభై ఆరు ఎండాకాలం వచ్చింది. ఈసారి బస్టాండులో ఆగకుండా నేరుగా మార్కెట్ వెనక్కి నడిచాడు. పెంకుటిల్లు, ముందు రేకుల పంచ, పంచలో కుట్టుమిషను. సారలమ్మ మూలనున్న కట్టెల పొయ్యి ముందు కూర్చుని అన్నం వండుతోంది. ముప్ఫై కూడా నిండని మనిషి, జుట్టు అప్పుడే నెరిసింది. పొగకు కళ్లు చికిలించుకుని చూసి, వెంటనే గుర్తుపట్టింది.

"గ్యాసు అన్నవు కద. కూసో" అని పీట వేసి, గ్లాసుతో నీళ్లిచ్చింది.

ఏలియా నీళ్లు తాగాడు. ఖాళీ గ్లాసు చేతిలోనే పట్టుకుని అన్నాడు.

"చెల్లె, నీకొక మాట చెప్పాలె."

"బర్నర్ల పాలు ఎండి మంట ఆరింది. గదే కద?" అంది సారలమ్మ, పొయ్యిలోకి కట్టె తోస్తూ.

ఏలియా తలెత్తి ఆమె వంక చూశాడు.

"నేను ముట్టిచ్చిన. నాకు తెల్వదా? నువ్వు పిన్నుతోని పొడిచినవు. నల్లగ రాలినయి. బట్టతోని తుడిచి సంచిల ఏసుకున్నవు. అంత చూసిన."

"మరి అప్పుడే ఎందుకనలేదు చెల్లె?"

"ముట్టిచ్చిన్నని చెప్పిన. నువ్వు పోయినంక గూడ చెప్పిన. మెకానిక్కే చెప్పిండు నాబ్ తెరిచున్నదని, అతనికన్న నీకు ఎక్కువ తెలుసా అన్నరు. నీ మాటనే తీస్కొచ్చి నా మీద పెట్టిన్రు." ఆమె గొంతులో కోపం లేదు, అదే ఏలియాకు మరీ భయమేసింది. "నువ్వొచ్చి చెప్తవని చూసిన. పెద్దకర్మ దాంక చూసిన. ఈడికొచ్చినంక గూడ ఒక యేడాది చూసిన. ఎవలు తలుపు కొట్టినా నువ్వే అనుకునేది. తర్వాత చూసుడు బంద్ జేసిన."

"ఇప్పుడు చెప్త. ఇయ్యాలనే శివనగర్ పోయి వెంకట్రాజం సారుకు చెప్త."

"చెప్పి ఏం జేస్తవు? ఆయనకు ఇద్దరు పిల్లలట. ఆమెను ఏడికి పొమ్మంటవు? ఆ ఇంటికి పోకు."

"మీ అమ్మకన్న చెప్పనియ్యి చెల్లె. కాళ్లు పట్టుకొని చెప్త. ఏది, మీ అమ్మ?"

సారలమ్మ గంటెతో అన్నం కలిపి, ఒక మెతుకు తీసి నలిపి చూసి, మళ్లీ మూత పెట్టింది.

"పోయిన దసరాకు పోయింది."

ఏలియా వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకోవలసిన అవసరం రాలేదు. తాను బస్టాండులో టీ తాగి తిరిగిపోయిన నాటికి సమ్మమ్మ ఈ పంచలోనే ఉంది. నాలుగు అడుగులు వేసినవాడు ఇంకో రెండొందలు వేసి ఉంటే సరిపోయేది.

"మా అమ్మ గూడ నమ్మలే అన్నా" అంది సారలమ్మ. "నన్ను ఏమనకపోవు, మంచిగనే చూసుకునేది. గని పొయ్యి ముట్టిచ్చినప్పుడల్ల ఎనుక నిలవడేది. జర చూస్కో బిడ్డా, నీకు మతిమరుపు అనేది. కట్టెల పొయ్యే అది, దాంట్ల మరిచేదేమున్నది? అయినా నిలవడేది. పానం పోయే రోజు పక్కింటామెను పిలిచి, నేను పోయినంక మా పిల్ల పొయ్యి కాడ జర ఒక కన్నేసి ఉంచు అన్నది. గదే ఆఖరి మాట."

ఏలియా ఏడవలేదు. ఏడిస్తే ఆమె ముందు అది కూడా దొంగతనమే అనిపించింది. పీట మీద అట్లాగే కూర్చుని, మొదట్నుంచి చివరిదాకా చెప్పాడు. అరుగు మీద ఆకు, శనివారం రాకపోవడం, సోమవారం వీధి మూల దాకా వచ్చి దాటిపోవడం, ఆఫీసు కాగితం మీద సంతకం, పోయిన శ్రావణంలో ఈ ఊరి బస్టాండు. దేన్నీ దాచలేదు. సారలమ్మ వింటూనే గంజి వార్చింది, పొయ్యిలోంచి కట్టెలు బయటికి లాగి నీళ్లు చిలకరించింది. 

"అయిపాయెనా అన్నా?" అంది చివరికి.

"అయిపాయె."

"నాలుగింటికి వరంగల్ బస్సున్నది. పో మరి."

ఏలియా గ్లాసు పక్కన పెట్టి లేచాడు. సారలమ్మ అన్నం గిన్నె లోపలికి తీసుకుపోయి తలుపు దగ్గరకు వేసుకుంది.